అయిదు మిల్లీమీటర్లు తక్కువ నాలుగు మీటర్లు

మారుతి డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. హోండా అమేజ్ పొడవు 3,995. హ్యుందాయ్ ఆరా పొడవూ 3,995. టాటా టిగోర్ ఒక్కటే ఇంకో రెండు మిల్లీమీటర్లు పొట్టి, 3,993. ఎవరి ఇంజనీర్లు వాళ్లకున్నారు, ఎవరి కర్మాగారాలు వాళ్లకున్నాయి. అయినా నలుగురి టేపూ నాలుగు మీటర్లకు వేలెడు కూడా లేని దూరంలో ఆగిపోయింది. 2025 చివరికి మన దేశంలో చిన్న సెడాన్లంటే ముఖ్యంగా ఈ నాలుగే. వీటికి పైమెట్టున మరో నాలుగున్నాయి: హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా. ఇవన్నీ నాలుగున్నర మీటర్ల పైచిలుకు.

యానాం అగ్రహారంలో ఒక ఇంట్లో కారు మాట వచ్చిందంటే ఈ ఎనిమిదింటి చుట్టూనే తిరుగుతుంది. ఎస్‌యూవీ వద్దు, డిక్కీ విడిగా ఉన్న కారే కావాలి అనుకున్నాక మిగిలేది ఒకటే తగువు. “కొనేదేదో కాస్త పెద్దదే కొందాం నాన్నా, కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు” అంటాడు కొడుకు. “వీధి మలుపులో తిప్పుకోవాలి కదరా, పైగా ఆ పన్నెంతో చూశావా?” అంటాడు తండ్రి. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఆ న్యాయం ఎంతో తూచి చూడాలంటే ఈ రెండు రకాల బండ్ల వెనక ఉన్న వింతలు తెలియాలి.

గీత గీసింది బడ్జెట్

2006 ఫిబ్రవరి 28న నాటి ఆర్థికమంత్రి చిదంబరం ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి దిగింది. చిన్న కారంటే ఏదో చెప్పడానికి ఒక కొలత కావాలి కాబట్టి పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదన్నారు. పెట్రోలు ఇంజన్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించకూడదన్నారు. హ్యాచ్‌బ్యాక్‌లను మనసులో పెట్టుకుని రాసిన నియమం అది. డిక్కీ ఉన్న కారును ఆ కొలతలో ఇరికించాలన్న ఆలోచన తర్వాత పుట్టింది.

ముందుగా ఇరికించింది టాటా. 2008లో వచ్చిన ఇండిగో సీఎస్ పొడవు 3,988 మిల్లీమీటర్లు. ఈ పన్ను గీతకు లోబడి తయారైన తొలి సెడాన్ అదే. మామూలు ఇండిగో తోక కత్తిరించి దాన్ని తీర్చారు.

అదే ఏడాది మార్చిలో మారుతి స్విఫ్ట్ డిజైర్ 4,160 మిల్లీమీటర్ల పొడవుతో బజారులోకి వచ్చింది. జనం బాగానే కొన్నారు. అయినా 2012 ఫిబ్రవరిలో రెండో తరం డిజైర్ వచ్చేసరికి పొడవు 3,995కు తగ్గింది. సాధారణంగా కొత్త తరం కారు పాతదానికంటే పెరుగుతుంది. ఇక్కడ 165 మిల్లీమీటర్లు తగ్గింది. ఆ కోత ఎక్కడ పడిందో డిక్కీ లెక్క చెబుతుంది: 440 లీటర్ల డిక్కీ 316 లీటర్లయింది. ఒక పెద్ద సూట్‌కేసు పట్టే చోటు పన్ను కోసం పోయిందన్న మాట. 2024 నవంబరులో వచ్చిన నాలుగో తరం డిజైర్‌లో కూడా డిక్కీ 382 లీటర్లే. 2008 నాటి తొలి డిజైర్ డిక్కీని ఈనాటికీ అందుకోలేదు.

దారి తెలిశాక మిగతావాళ్లు బారులు తీరారు. 2013లో హోండా అమేజ్ వచ్చింది. హోండా మన దేశంలో అమ్మిన తొలి డీజిల్ కారు కూడా అదే. 2014లో హ్యుందాయ్ ఎక్సెంట్, టాటా జెస్ట్, 2015లో ఫోర్డ్ ఫిగో ఆస్పైర్, 2016లో ఫోక్స్‌వ్యాగన్ ఆమియో, 2017లో టిగోర్, 2020లో ఆరా. వీటిలో సగం ఇప్పుడు లేవు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినా గీత చెరగలేదు. నాలుగు మీటర్ల లోపు పెట్రోలు కారుకు సెస్సుతో కలిపి 29 శాతం, మధ్యతరహా కారుకు కొద్ది నెలల్లోనే 45 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్లకు 18 శాతం, మిగతావాటికి సెస్సు లేకుండా 40 శాతం. పన్ను తగ్గిందని అందరూ సంతోషించారు, నిజంగా తగ్గింది కూడా. కానీ రెండు తరగతుల మధ్య దూరం పెరిగింది. పన్ను లేకుండా 8 లక్షలు పలికే రెండు కార్లున్నాయనుకోండి, ఒకటి గీత లోపల, ఇంకొకటి గీత బయట. పాత పద్ధతిలో వాటి పన్నుల మధ్య తేడా లక్షా 28 వేలు. కొత్త పద్ధతిలో లక్షా 76 వేలు. కారు కొనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలి. ఆ డబ్బుకు ఇనుము రాదు, సీటు రాదు, భద్రతా రాదు. గీత దాటినందుకు కట్టే సొమ్మది.

ఈ గీతలో అన్నిటికంటే విచిత్రమైన కేసు వర్టస్, స్లావియాలది. వీటి చిన్న ఇంజన్ 999 సీసీ. డిజైర్ ఇంజన్ 1,197 సీసీ. అంటే ఇంజన్ చిన్నదైన కారు 40 శాతం కడుతుంది, ఇంజన్ పెద్దదైన కారు 18 శాతం కడుతుంది. పొడవు ఒక్కటే దోషం. థర్డ్‌పార్టీ బీమా దగ్గరికి వచ్చేసరికి తీర్పు తలకిందులవుతుంది. అక్కడ పొడవు చూడరు, సీసీ చూస్తారు. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ వరకు ఏడాదికి 2,094 రూపాయలు, వెయ్యి దాటి పదిహేను వందల వరకు 3,416. కాబట్టి నాలుగున్నర మీటర్ల వర్టస్‌కు తక్కువ ప్రీమియం, నాలుగు మీటర్ల డిజైర్‌కు ఎక్కువ. ఒకే కారును ప్రభుత్వపు ఒక శాఖ పెద్దదంటే, బీమా పట్టిక చిన్నదంటుంది.

తాతల కాలంలోనూ ఇదే తగువు

చిన్న సెడానా, పెద్ద సెడానా అన్న ప్రశ్న కొత్తదనుకుంటాం గానీ మన తాతలు దీన్నే వేరే పేర్లతో వాదించుకున్నారు: ఫియటా, అంబాసిడరా?

తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న ఆ ఫియట్ 1100 పొడవు 3.9 మీటర్ల చిల్లర. అంటే నాలుగు మీటర్ల నియమం రాయడానికి నలభై ఏళ్ల ముందే మన రోడ్ల మీద నాలుగు మీటర్ల లోపు సెడాన్ తిరిగింది, ఏ పన్ను రాయితీ అడగకుండా. అంబాసిడర్ పొడవు 4,325 మిల్లీమీటర్లు. ఫియట్‌ను నగరాల్లో డాక్టర్లు, వకీళ్లు సొంతంగా నడుపుకునేవారు. అంబాసిడర్‌ను సర్కారు వారు, పెద్ద కుటుంబాలవారు, టాక్సీలవారు కోరుకునేవారు. పెళ్లికి ఎనిమిదిమందిని ఎక్కించుకుని వెళ్లిన అంబాసిడర్ కథలు గోదావరి జిల్లాల్లో ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతారు.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న లెక్క ఇంకొకటుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. లోపల కూర్చునేవారికి దక్కే చోటు చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. అంబాసిడర్ వీల్‌బేస్ 2,464 మిల్లీమీటర్లు. ఈనాటి డిజైర్‌ది 2,450. అంటే ఒకనాడు దేశంలో పెద్ద కారనిపించుకున్న బండికీ, ఇప్పుడు చిన్న సెడాన్ అని పిలిచేదానికీ ఆ కొలతలో బొటనవేలు వెడల్పంత కూడా తేడా లేదు. 1950ల చివరి నుంచి 2014 మే నెలలో ఉత్తర్‌పారా కర్మాగారం ఆగిపోయేదాకా తయారైన అంబాసిడర్, దేశంలో అతి ఎక్కువ కాలం తయారైన సెడాన్.

ఏ కిరీటం ఎవరిది?

అమ్మకాల్లో డిజైర్‌కు ఎదురులేదు. ఏళ్ల తరబడి అగ్రస్థానంలో ఉన్న ఆల్టోను దాటి 2018లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అదే. 2024 డిసెంబరుకు 30 లక్షల డిజైర్లు తయారయ్యాయి. దేశంలో ఇంకే సెడానూ ఆ సంఖ్య దరిదాపుల్లో లేదు.

ఇప్పటి సెడాన్లలో దీర్ఘాయువు కిరీటం హోండా సిటీది. 1998లో మన దేశంలో అడుగుపెట్టింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. దానితో పోటీపడ్డ ఎస్టీమ్, ఐకాన్, ఎస్‌ఎక్స్4, ఫియెస్టా, వెంటో, రాపిడ్, యారిస్ అన్నీ పోయాయి. 2014లో వచ్చిన మారుతి సియాజ్ కూడా 2025లో తెర దిగింది. సిటీ అన్న పేరుకో ముచ్చటైన గతముంది. 1981లో జపాన్‌లో ఆ పేరుతో వచ్చిన తొలి కారు మూడున్నర మీటర్లు కూడా లేని హ్యాచ్‌బ్యాక్. దాని డిక్కీలో మడిచి పెట్టుకోవడానికి మోటోకంపో అనే 50 సీసీ చిట్టి స్కూటరును హోండా వాళ్లు ప్రత్యేకంగా తయారుచేశారు. కారు ఆపినచోటి నుంచి ఇరుకు వీధుల్లోకి స్కూటరు మీద వెళ్లవచ్చునని వాళ్ల ఆలోచన. స్లావియా పేరు ఇంకా పాతది. స్కోడా వ్యవస్థాపకులు లారిన్, క్లెమెంట్ 1895లో వ్యాపారం మొదలుపెట్టి తయారుచేసిన సైకిళ్ల పేరది.

డిక్కీలో వెర్నా మొదటిది, 528 లీటర్లు. వర్టస్, స్లావియా 521. చిన్నవాటిలో టిగోర్ 419, అమేజ్ 416, ఆరా 402. శక్తిలోనూ వెర్నా టర్బోదే పైచేయి, 160 హార్స్‌పవర్. డిజైర్ దానిలో దాదాపు సగం, 82. కానీ పెట్రోలు డిజైర్ బరువు టన్నుకు లోపే కాబట్టి ఊళ్లో ఆ సగం సరిపోతుంది. నలుగురు పెద్దవాళ్లను, సామాన్లను ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, జాతీయ రహదారిలో లారీని దాటబోయినప్పుడే తేడా కాలికి తెలుస్తుంది.

మైలేజీలో వచ్చిన ఫలితం చాలామంది ఊహించనిది. కంపెనీలు ప్రకటించిన అంకెల ప్రకారం పెట్రోలు డిజైర్ లీటరుకు 25 కిలోమీటర్ల అటూఇటూ ఇస్తుంది. 2022లో వచ్చిన సిటీ హైబ్రిడ్ 26.5 చెప్పుకుంది, తర్వాత 27 దాటింది. అర మీటరుకు పైగా పొడవైన కారు చిన్నదానికంటే తక్కువ పెట్రోలు తాగుతోంది. దాని ధర మాత్రం డిజైర్‌కు రెట్టింపు పైనే కావడంతో ఆ ఆదా వెనక్కి రావడానికి ఏళ్లు పడుతుంది. సీఎన్‌జీ డిజైర్ కిలోకు 33.73 కిలోమీటర్లు చెబుతుంది గానీ సిలిండరు డిక్కీని మింగేస్తుంది. ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవి అడుగున అమర్చి టాటా ఆ చిక్కును కొంత విప్పింది. సీఎన్‌జీతో ఆటోమేటిక్ గేర్లు కలిపి దేశంలో మొదట ఇచ్చిందీ టాటాయే, 2024 ఫిబ్రవరిలో, టిగోర్, టియాగోలలో. యానాం పక్కన గాడిమొగ దగ్గర 2009 నుంచి సముద్రగర్భపు గ్యాస్ ఒడ్డుకు చేరుతోంది. ఆ గ్యాస్ వచ్చే దారిలో ఉన్న ఊళ్లవాళ్లు సీఎన్‌జీ కారు సంగతి ఒకసారి ఆలోచించాల్సిందే.

భద్రతలో పెద్దవాటిదే ఆధిక్యమన్న మాట కొంతకాలం నిజమే. 2023 ఏప్రిల్‌లో వర్టస్, స్లావియా, అదే ఏడాది అక్టోబరులో వెర్నా గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దల రక్షణలోనూ పిల్లల రక్షణలోనూ అయిదేసి నక్షత్రాలు తెచ్చుకున్నాయి. 2024 నవంబరులో కొత్త డిజైర్ పెద్దల రక్షణలో అయిదు, పిల్లల రక్షణలో నాలుగు తెచ్చుకుంది. మారుతి చరిత్రలో అయిదు నక్షత్రాలందుకున్న తొలి కారు అదే. చిన్నది కొంటే ప్రాణానికి లోకువన్న భయానికి ఇప్పుడు మునుపటంత ఆధారం లేదు.

ఇప్పుడు నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు. చిన్నబండే ఎత్తుగా ఉంటుందని చాలామంది నమ్మకం. డిజైర్ 163 మిల్లీమీటర్లు, అమేజ్ 172, వర్టస్, స్లావియా 179. ఈ ఎనిమిదింటిలో అన్నిటికంటే ఎత్తున నిలబడ్డవి పెద్దవే.

జపాన్‌లో డిజైర్ పెద్దకారు!

మనకొక్కరికే ఇలాంటి గీత ఉందనుకోవద్దు. జపాన్‌లో కెయి అనే బుల్లికార్లుంటాయి. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజన్ 660 సీసీ దాటకూడదు. ఆ బళ్లలో చాలావాటి పొడవు ఎంతో తెలుసా? 3,395 మిల్లీమీటర్లు. గీతకు సరిగ్గా అయిదు మిల్లీమీటర్లు లోపల. మన 3,995కు అన్నగారు.

దానిపై మెట్టులో వాళ్ల గీత 4.7 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, రెండు లీటర్ల ఇంజన్. పొడవు విషయంలో ఉదారంగా ఉన్నా వెడల్పు దగ్గర కట్టుదిట్టం. డిజైర్ వెడల్పు 1,735 మిల్లీమీటర్లు. అంటే మన దగ్గర చిన్నకారు రాయితీ పొందే డిజైర్, ఆ దేశంలో నంబరు పలక ఎక్కాలంటే పెద్దకార్ల వరుసలో నిలబడాలి. అందుకే సుజుకి అక్కడ అమ్మే స్విఫ్ట్ వెడల్పు 1,695కు కుదించింది. ఇక్కడ మాత్రం 1,735. బ్రెజిల్‌లో 1990ల నుంచి వెయ్యి సీసీ లోపు ఇంజన్లకు పన్ను తగ్గించారు, దాంతో అక్కడ వెయ్యి సీసీ కార్లు వెల్లువెత్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఇవేవీ చూడదు. ప్రయాణికులకూ సామానుకూ కలిపి లోపల ఎంత చోటుందో ఘనపుటడుగుల్లో కొలుస్తుంది. 100 నుంచి 110 లోపు ఉంటే కాంపాక్ట్, 110 నుంచి 120 లోపు మిడ్‌సైజ్. నా మట్టుకు నాకు న్యాయమైన కొలత ఇదే. కారు కొనేది లోపల కూర్చోవడానికి కాబట్టి లోపలి చోటునే కొలవాలి.

కార్లు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయనడానికి ప్రపంచంలో అతి ఎక్కువ అమ్ముడైన పేరు టొయోటా కరోలాయే సాక్ష్యం. 2021లో దాని అమ్మకాలు అయిదు కోట్లు దాటాయి. 1966లో పుట్టిన తొలి కరోలా పొడవు 3,845 మిల్లీమీటర్లు, అంటే మన గీతకు హాయిగా లోపల. నేటి కరోలా సెడాన్ 4.6 మీటర్లు దాటింది.

పొడవు విషయంలో ప్రపంచపు రెండు కొసలు కూడా చూడండి. గిన్నిస్ పుస్తకంలో అతి చిన్న ఉత్పత్తి కారు 1962లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పుట్టిన పీల్ పీ50, పొడవు 137 సెంటీమీటర్లు, ఒక్క మనిషికి చోటు. అతి పొడవైన కారు ‘ది అమెరికన్ డ్రీమ్’ లిమోజిన్. 1986లో కాలిఫోర్నియాలో తయారై, శిథిలమై, ఫ్లోరిడాలో మళ్లీ ప్రాణం పోసుకుని 2022లో 30.54 మీటర్లతో తన రికార్డు తానే చెరిపేసింది. మన తెలుగువారి పేరూ ఆ పుస్తకంలో వాహనాల పుటలో ఉంది. హైదరాబాద్‌కు చెందిన సుధాకర్ యాదవ్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తయిన మూడు చక్రాల సైకిల్ తొక్కి రికార్డు సాధించారు. బహదూర్‌పురాలో ఆయన నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియంలో చిత్రవిచిత్ర ఆకారాల కార్లుంటాయి. పిల్లలను తీసుకెళ్లండి.

యానాం లెక్క వేరు

2011 జనాభా లెక్కల్లో యానాంలో 55,626 మంది, విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది, రాజధాని రోడ్డు దారిన ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. అగ్రహారం, మెట్టకూరు, కనకాలపేట, దరియాలతిప్ప వంటి పేటలన్నీ కలిపి కారులో చుట్టి రావడానికి పెట్రోలు ముల్లు కదలదు. అంత చిన్న ఊరికి సొంత రిజిస్ట్రేషన్ సంకేతముంది: పీవై 04. ఫ్రెంచివారి పాలన నుంచి 1954లో బయటపడ్డ ఊరు ఇలా చిన్నచిన్న ప్రత్యేకతలను ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది.

ఆ ప్రత్యేకతల్లో జేబుకు తగిలేవి రెండు. ఒకటి పెట్రోలు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు వేరే. యానాంలో వ్యాట్ అందులో సగానికి అటూఇటూ. అందుకే లీటరుకు పది రూపాయల పైనే తేడా వస్తుంది, అందుకే కోనసీమ, కాకినాడల వైపు నుంచి వచ్చిన బండ్లు యానాం బంకుల ముందు వరుసకడతాయి. రెండోది రోడ్డు పన్ను. ఆంధ్రలో జీవితపన్ను కారు ధరతో పాటు శాతమూ పెరుగుతూ పోతుంది, దాంతో పెద్ద సెడాన్‌కు రెండుసార్లు దెబ్బ తగులుతుంది. పుదుచ్చేరి ప్రాంతంలో ఆ పన్ను బాగా తక్కువ. కాబట్టి అగ్రహారంలో నివసించే కుటుంబానికి పెద్ద సెడాన్ పొరుగున ఉన్న కాకినాడవారికి పడినంత భారంగా పడదు. ఈ వెసులుబాటు ఇక్కడ ఉంటున్నవారిది మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఇరుగుపొరుగు ఊళ్ల బంధువులు “మీ చిరునామా ఇవ్వండి బావగారూ, పీవై నంబరు వేయించుకుంటాం” అంటే మొహమాటపడొద్దు, కుదరదని చెప్పండి. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచిన బండికి అక్కడి నంబరు వేయించుకోవాలి. 2017లో తప్పుడు చిరునామాలతో పుదుచ్చేరి నంబర్లు తీసుకున్నారని కేరళలో కొందరు సినీ ప్రముఖుల మీద కేసులే నడిచాయి.

మన వైపు ఇంకో లెక్క గోదావరిది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఆ నీరు యానాం వీధుల్లోకి వచ్చింది. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగుల రికార్డు. సెడాన్ ఏదైనా వరదనీటికి తగిన బండి కాదు, 163కూ 179కూ మధ్య ఉన్న పదహారు మిల్లీమీటర్లు ప్రాణం కాపాడవు. వరద హెచ్చరిక రాగానే బండిని మెరకకు చేర్చడమే దారి. నీళ్లలో ఆగిపోయిన ఇంజన్‌ను మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకండి. లోపలికి నీరు పోయి ఉంటే పిస్టన్ల కడ్డీలు వంగి ఇంజన్ మొత్తం పోతుంది. ఈ ఒక్క జాగ్రత్త తెలియక మంచి బండ్లు పాడైపోవడం బాధాకరం.

ఆ అర మీటరు ఎక్కడికి పోయింది?

డిజైర్‌కూ వెర్నాకూ పొడవులో తేడా 54 సెంటీమీటర్లు. పెద్దది కొంటే ఆ 54 సెంటీమీటర్లూ మన మోకాళ్లకే దక్కుతాయని అనుకుంటాం. వీల్‌బేస్ చూడండి: 2,450, 2,670. అంటే చక్రాల మధ్య పెరిగింది 22 సెంటీమీటర్లే. మిగతాది ముక్కుకూ తోకకూ పోయింది. హోండాలో ఈ తేడా ఇంకా తక్కువ. అమేజ్ 2,470, సిటీ 2,600. పదమూడు సెంటీమీటర్లు. పొడవులో అర మీటరు పైగా ఎక్కువ కొన్నా కూర్చునేవారి వాటా జానెడు కూడా లేదు.

వెడల్పు సంగతి ఇంకా ఆశ్చర్యం. డిజైర్ 1,735, అమేజ్ 1,733, సిటీ 1,748, వర్టస్ 1,752, వెర్నా 1,765. అటు చివరికీ ఇటు చివరికీ మూడు సెంటీమీటర్లు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే భుజాలు రాసుకోవడం పెద్ద సెడాన్‌లోనూ తప్పదు, నడుమ కూర్చున్నవారి కాళ్ల కింద నేల ఉబ్బు కూడా తప్పదు. అయిదుగురి కోసమని పెద్ద సెడాన్ కొనేవారు దీన్ని బాగా గమనించాలి. ఇది నలుగురి సుఖం కోసం కొనే బండి. అయిదోవారికి అది చేసే మేలు స్వల్పం. ఆరా, టిగోర్ మాత్రం 1,680 దరిదాపుల్లోనే, వాటిలో వెనక ఇద్దరే హాయి.

మరి పెద్ద సెడాన్ డబ్బు ఎక్కడ కనబడుతుంది? దూరప్రయాణంలో. పొడవైన వీల్‌బేస్, ఎక్కువ బరువు కలిసి గతుకుల మీద ఊపు తగ్గిస్తాయి. వర్టస్, స్లావియా బరువు 1,200 కిలోల అటూఇటూ కాబట్టి వేగంలో నిలకడగా ఉంటాయి. హైదరాబాద్ ఇక్కడికి దాదాపు 500 కిలోమీటర్లు. నెలకోసారైనా ఆ దారి పట్టే ఇల్లు, వెనక సీట్లో పొడవైన పెద్దవాళ్లుండే ఇల్లు అయితే ఆ ఖర్చు పెట్టడంలో అర్థముంది. అలాంటివారు డబ్బు సరిపోకపోతే కొత్త చిన్న సెడాన్‌కు బదులు నాలుగైదేళ్లు వాడిన, సర్వీసు పుస్తకం సరిగ్గా ఉన్న పెద్ద సెడాన్ చూడటం నా ఉద్దేశంలో మెరుగు. మొదటి యజమాని గీత దాటినందుకు కట్టిన పన్ను భారం అప్పటికే చాలావరకు ధరలో కరిగిపోయి ఉంటుంది.

ఇక ముప్పై కిలోమీటర్ల దూరంలోని కాకినాడకు వారానికి రెండుసార్లు, ద్రాక్షారామం, అన్నవరం పండగలకు, బాలయోగి వంతెన దాటి ఎదుర్లంక మీదుగా కోనసీమ చుట్టాలింటికి అప్పుడప్పుడు, మిగతా రోజులు పిల్లల బడి, బజారు. అగ్రహారంలో ఎక్కువ ఇళ్లకు కారు వాడకం ఇంతే. 2002లో ఆ వంతెన వచ్చేదాకా గోదావరి దాటాలంటే పడవలు, పంటులే దిక్కు. ఇప్పుడది నిమిషాల ప్రయాణం. ఇంతమాత్రానికి చిన్న సెడాన్ ధారాళంగా చాలు. 4.8 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగే డిజైర్‌ను ఇరుకు మలుపులో రెండోసారి వెనక్కి లాగే అవసరం తక్కువ. టాక్సీ నడిపి బతికే డ్రైవర్లు లెక్కలేసుకుని ఎంచుకున్న బళ్లలో ఎక్కువ ఈ తరగతివే. “టాక్సీలాగా ఉంటుందండీ” అని కొందరు దాన్ని పక్కన పెడతారు. రోజుకు రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి, రిపేరు ఖర్చు తన సంపాదన నుంచే కట్టుకునేవాడి ఎంపికకు మించిన సిఫారసు ఏముంటుంది?

కాబట్టి నా తీర్పు ఇది: ఊళ్లో తిరిగే ఇంటికి చిన్న సెడానే, అందులోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు, మంచి భద్రతా రేటింగు ఉన్నదే. నలుగురు పెద్దవాళ్లతో నెలనెలా హైవే ఎక్కే ఇంటికి పెద్ద సెడాన్. షోరూముకు వెళ్లేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దవారిని, అందరికంటే పొడగరిని వెంట తీసుకెళ్లండి. ఇద్దరినీ వెనక సీట్లో పావుగంట కూర్చోబెట్టి, వాళ్లంతట వాళ్లు లేచి దిగగలిగాకే అడ్వాన్సు కట్టండి.